పాత పల్సర్ 150కి 220 ఫోర్క్ వేయాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

మదనపల్లె150:

అందరికీ నమస్కారం. నా బండి 2006 పల్సర్ 150. మొదటి ఉద్యోగంలో చేరేటప్పుడు నాన్న కొనిచ్చాడు. మీటరు 91 వేలు దాటింది, ఇంజన్ పని ఒకసారి చేయించాను, ఇప్పుడు చక్కగా ఉంది, అమ్మే ఆలోచన అసలు లేదు. ఇబ్బంది అంతా ముందు షాక్ అబ్జార్బర్లతోనే, అంటే ఫోర్క్‌తోనే.

నెలకు రెండు మూడుసార్లు హార్స్‌లీ హిల్స్ వెళ్తుంటాం. దిగేటప్పుడు మలుపు ముందు బ్రేకు పట్టుకుంటే బండి ముక్కు ఒక్కసారిగా దిగబడుతుంది, వెనకాల మా ఆవిడ కూర్చుంటే ఇంకా ఎక్కువ, ఒక్కోసారి పూర్తిగా కిందికి వెళ్లి టక్కున ఆనుకున్న చప్పుడు కూడా వస్తుంది. సరే, మెత్తబడిపోయిందేమో అనుకుంటే చిన్న చిన్న గుంతల మీద మాత్రం రాయిలా కొడుతుంది. ఊళ్లో సిమెంటు రోడ్డు అతుకుల మీద పది నిమిషాలు నడిపితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ఒకే ఫోర్క్ ఒకచోట మెత్తగా, ఇంకోచోట గట్టిగా ఎలా ఉంటుందో నాకు అర్థం కావడం లేదు.

ఏడాది క్రితం ఫోర్క్ ఆయిల్ బయటికి కారకుండా ఆపే ఆయిల్ సీల్స్ మార్పించాను. అప్పుడు మెకానిక్ ఇకమీదట దిగబడదని చెప్పి ఫోర్క్‌లో 20డబ్ల్యూ50 ఇంజన్ ఆయిల్ పోశాడు. దిగబడటం తగ్గలేదు, ఎడమవైపు సీల్ మూడు నెలలకే మళ్లీ కారడం మొదలైంది.

ఇప్పుడు ఒక పాత సామాన్ల షాపులో పల్సర్ 220 ముందు ఫోర్కులు రెండూ, కింది టీతో (పైపులు రెండింటినీ కింద పట్టి ఉంచే బిగింపు) సహా ఉన్నాయంటున్నారు, 7,500 చెప్తున్నారు. 37 మి.మీ. పైపులు కాబట్టి బలంగా ఉంటాయని నా ఆశ. ఇంట్లోనే బిగించుకోవాలని ఉంది. పానాల సెట్టు, ఆలెన్ కీలు, ఒక జాకీ ఉన్నాయి. చైన్ సెట్టు, బ్రేక్ ప్యాడ్లు, కార్బొరేటర్ శుభ్రం చేయడం అన్నీ నేనే చేసుకుంటాను, ఫోర్క్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. అది కొనేయమంటారా?


ఆటోనగర్ లేతు:

తమ్ముడూ, ముందు ఆ 7,500 జేబులోనే ఉంచుకో. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని చేస్తాను, ఫోర్క్ పైపులు చూడని రోజు ఉండదు. నువ్వు రాసినదాంట్లో ఒకటి కాదు, రెండు వేరు వేరు జబ్బులు ఉన్నాయి. రెండింటికీ ఒకే మందు వేయబోయి మీ మెకానిక్ ఒకదాన్ని ముదరబెట్టాడు.

బ్రేకు పట్టినప్పుడు ఎంత దిగాలి అనేది స్ప్రింగు చేతిలో ఉంది. నువ్వు, బండి కలిపి 225 కిలోలు అనుకో. ఒక మోస్తరు గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రం మీది బరువులో దాదాపు 50 కిలోలు ముందుకు వచ్చి పడుతుంది. ఆ బరువును మోసేది స్ప్రింగే, ఆయిల్ కాదు. ఆయిల్ చేసే పని ఎంత వేగంగా దిగాలి, ఎంత వేగంగా లేవాలి అని పట్టి ఉంచడం మాత్రమే. చిక్కటి ఆయిల్ పోస్తే అర సెకను ఆలస్యంగా దిగుతుందేమో కానీ, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు అలాగే పట్టి ఉంచితే ఎలాగూ అంత కిందికీ దిగుతుంది.

ఇక గుంతల మీద రాయిలా కొట్టడం ఆయిల్ వల్ల. నీ బండిలో ఉన్నది డ్యాంపర్ రాడ్ ఫోర్క్, అంటే లోపల ఒక గొట్టం, దానికి మార్పులేని బెజ్జాలు, ఆయిల్ ఆ బెజ్జాల్లోంచే దూరి వెళ్లాలి. వేగం రెండింతలైతే అడ్డు నాలుగింతలవుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్క్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి అడ్డే తెలియదు, సిమెంటు అతుకు తగిలినప్పుడు రెప్పపాటులో కదలాలి కాబట్టి బిగుసుకుపోతుంది. మామూలు ఫోర్క్ ఆయిల్‌తోనే ఈ గుణం ఉంటుంది, నువ్వేమో దానికి మూడు నాలుగు రెట్లు చిక్కగా ఉండే ఇంజన్ ఆయిల్ పోయించావు. పైగా అంత చిక్కని ఆయిల్‌తో ఫోర్క్ నెమ్మదిగా లేస్తుంది, ఒక గుంతకు దిగింది పూర్తిగా లేవకముందే రెండో గుంత వస్తుంది, మూడోదానికి ఇంకా కింద ఉంటుంది. అందుకే మెత్తగానూ ఉంది, గట్టిగానూ ఉంది.

మూడు కొలతలు పెట్టు. ఒకటి, టైర్లలో గాలి ఎంత. రెండు, బండిని సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపి, డస్ట్ సీల్ (దుమ్ము పోకుండా పైపు చుట్టూ ఉండే రబ్బరు) నుంచి కింది టీ వరకు ఎంత పైపు కనిపిస్తుందో స్కేలుతో కొలువు, తర్వాత స్టాండు తీసి నువ్వు మామూలుగా ఎక్కి కూర్చుంటే ఎంత మిగిలిందో ఎవరిచేతనైనా కొలిపించు. ఆ తేడానే శాగ్ అంటారు. పైపులు సీల్ దగ్గర పట్టేసినట్టు ఉంటాయి కాబట్టి ఒకసారి కిందికి నొక్కి వదిలి, ఒకసారి పైకి ఎత్తి వదిలి, రెండింటి సగటు తీసుకో. మూడు, పైపు మొత్తం మీద గోరుతో రాసి చూడు, ఎక్కడైనా గరుకు తగులుతుందేమో. కొత్త సీల్ మూడు నెలలకే పోయిందంటే నా అనుమానం పైపు మీదే.


ఘాట్‌రోడ్డు:

నేను 2009లో కొన్న 150కి 220 ఫ్రంట్ ఎండ్ వేయించాను, విశాఖ, అరకు రోడ్డు మీద నాలుగేళ్లుగా నడుపుతున్నాను, అందుకే రాస్తున్నా. బాగుందా అంటే బాగుంది. మలుపులో ముందు చక్రం చెప్పినచోటికి వెళ్తుంది, 260 మి.మీ. డిస్కు 150లోని 240 కన్నా స్పష్టంగా మెరుగు. కానీ ఫోర్కులు, కింది టీ కొంటే పని అయిపోతుందని అనుకోకండి, నేను అలాగే అనుకుని మూడు నెలలు బండిని షెడ్డులో పెట్టుకున్నాను.

220కి హ్యాండిల్ రెండు ముక్కలు, ఫోర్క్ పైపులకే బిగుస్తాయి. మీ 150కి ఒకే పైపు హ్యాండిల్, పై టీ మీద కూర్చుంటుంది. అంటే 220 పై టీ వేస్తే మీ హ్యాండిల్‌కు చోటు ఉండదు. మీ పై టీ ఉంచుకుంటే 37 మి.మీ. పైపు దాంట్లో దూరదు. ఆ రెండు ముక్కల క్లిప్ ఆన్ హ్యాండిళ్లు వేస్తే కేబుళ్ల పొడవు, బ్రేక్ పైపు, స్విచ్చులు, ట్యాంకుకు తగలకుండా ఎంత తిరుగుతుంది, అన్నీ మళ్లీ చూసుకోవాలి. చక్రం కూడా 220దే కావాలి, దాని యాక్సిలు, స్పేసర్లు, బ్రేక్ ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌తో సహా. ముందు టైరు 90/90-17 అవుతుంది, మీది 2.75-17. హెడ్‌లైట్ బ్రాకెట్లు తయారు చేయించుకోవాలి. నాకు అన్నీ కలిపి 23 వేలు దాటింది. అందులో సగం ముందు ఊహించని ఖర్చు.

ఇంకో విషయం, దీన్ని ఎవరూ నాకు చెప్పలేదు. ఫోర్క్ పొడవు తేడా వస్తే బండి నడకే మారుతుంది. చక్రాల మధ్య దూరం 1320 మి.మీ. అనుకుంటే, ముందుభాగం 25 మి.మీ. దిగితే స్టీరింగ్ కోణం ఒక డిగ్రీకి పైగా నిటారు అవుతుంది. నాకు మొదట్లో అలాగే అయి 70 దాటితే హ్యాండిల్ తేలికగా ఊగేది, పైపుల్ని టీలో కిందికి జరిపి సరిచేసుకున్నాక తగ్గింది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చవద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా సమర్థించింది. మీ ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడిగి తెలుసుకోండి. ఫ్రేములోని స్టీరింగ్ పైపును మాత్రం ఎవరినీ గ్రైండ్ చేయనివ్వకండి, చాసిస్ నంబరు ఉండేది అక్కడే.


మదనపల్లె150:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం కొలిచాం, మా అబ్బాయి స్కేలు పట్టుకున్నాడు.

గాలి ముందు 35 పీఎస్ఐ ఉంది. పెట్రోలు బంకులో అందరికీ పట్టినట్టే నాకూ పడుతున్నారు, నేను ఎప్పుడూ అడగలేదు. శాగ్ సగటు 58 మి.మీ. వచ్చింది, నా బరువు 82. ఎడమ పైపు మీద సీల్‌కు ఆరు సెంటీమీటర్ల పైన, ముందువైపు, ఆవగింజంత తుప్పు గుంటలు మూడు ఉన్నాయి. గోరు ఆగుతోంది. కుడివైపు నున్నగా ఉంది.

220 ఫోర్క్ వద్దని షాపుకు చెప్పేశాను. ఉన్నదాన్నే విప్పుతాను. ఏ వరుసలో విప్పాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి చెప్పండి అన్నా.


ఆటోనగర్ లేతు:

58 అంటే చాలా ఎక్కువ తమ్ముడూ. ఆ ఫోర్క్ మొత్తం కదలిక 135 మి.మీ. నువ్వు ఊరికే కూర్చుంటేనే 43 శాతం అయిపోయింది, ఇక మిగిలింది 77. దాంట్లోనే బ్రేకు, గుంత, వెనకాల మనిషి, అన్నీ సర్దుకోవాలి. 34 నుంచి 40 మధ్య ఉండాలి. గాలి ముందు 25కి తగ్గించు, వెనక ఒక్కడివే అయితే 28, ఇద్దరైతే 32. అది ఈ రోజే చెయ్యి, సిమెంటు అతుకుల బాధ కొంత అక్కడే తగ్గుతుంది.

ఇక విప్పడం. సెంటర్ స్టాండు వేసి ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీ ఆనించు, చక్రం తీశాక బండి ముందుకు వాలకుండా వెనక భాగాన్ని దేనికైనా కట్టు. కాలిపర్ విప్పాక దాన్ని బ్రేక్ పైపుకు వేలాడదీయకు, తీగతో ఫ్రేముకు కట్టి ప్యాడ్ల మధ్య చిన్న చెక్క ముక్క పెట్టు, పొరపాటున ఎవరైనా లివర్ నొక్కినా పిస్టన్ బయటికి రాకుండా.

చాలామంది పైపుల్ని టీ నుంచి లాగేసి తర్వాత పై మూతతో కుస్తీ పడతారు. అలా వద్దు. పై టీ పట్టు బోల్టు వదులు చేసి, పైపు కింది టీలో బిగుసుకుని ఉండగానే పై మూతను ఒక చుట్టు వదులు చెయ్యి. కింద ఉన్న ఆలెన్ బోల్టును కూడా స్ప్రింగు లోపల ఉండగానే కదిలించు, స్ప్రింగు ఒత్తిడే డ్యాంపర్ రాడ్‌ను తిరగకుండా పట్టుకుంటుంది. స్ప్రింగు తీసేశాక ప్రయత్నిస్తే రాడ్ కూడా బోల్టుతోపాటు తిరుగుతూ ఉంటుంది. అలా అయితే చీపురు కర్ర కొసను సూదిగా చెక్కి పైనుంచి దూర్చి గట్టిగా అదిమి పట్టించు. పై మూత చివరి మరలు విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టు, మీద గుడ్డ వేసి అరచేత్తో నొక్కి పట్టుకో, స్ప్రింగు మూతను ఎగరగొడుతుంది.

పాత ఆయిల్ ఎలా ఉందో ఒక తెల్ల గిన్నెలో పోసి చూడు. తర్వాత అన్ని భాగాలూ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టు. పైపు వంపు ఉందేమో మందపాటి గాజు పలక మీద దొర్లించి చూడు, లేతు పనివాళ్ల దగ్గర డయల్ గేజి పెట్టి చూపిస్తే ఇంకా మంచిది, 0.2 మి.మీ. దాటితే నేను వాడనివ్వను. ఎడమ పైపుకు గుంటలున్నాయి కాబట్టి హార్డ్ క్రోమ్ వేయించు లేదా కొత్తది తీసుకో. ఎమరీ పేపరుతో రుద్దితే అంచులు నున్నబడతాయి కానీ గుంట అలాగే ఉంటుంది, సీల్ మళ్లీ పోతుంది. కొత్త పైపు కొంటే రెండూ కొను.

స్ప్రింగుల పొడవు కొలిచి సర్వీస్ పుస్తకంలో ఉన్న కొలతతో పోల్చు. స్ప్రింగు చుట్లు కోసి గట్టిపరిచే అలవాటు మా దగ్గర పాతదే, లెక్క కూడా తప్పు కాదు, పది శాతం చుట్లు తీసేస్తే 11 శాతం గట్టి పడుతుంది. కానీ కోసిన కొస చదునుగా కూర్చోదు, ఒక పక్కకు నొక్కి పైపు లోపలి గోడను గీస్తుంది. మొదటిసారి విప్పేవాడివి, నువ్వు ఆ జోలికి వెళ్లకు. స్ప్రింగు పైన పెట్టే స్పేసర్ మాత్రం ఇంట్లో చేసుకోవచ్చు, మందపాటి పీవీసీ పైపు ముక్క, రెండు కొసలూ సరిగ్గా చదునుగా కోసి, స్ప్రింగుకీ దానికీ మధ్య ఒక వాషర్. ఎంత పొడవు పెడితే శాగ్ అంత తగ్గుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, స్పేసర్ స్ప్రింగును గట్టిపరచదు, బండిని పైకి లేపి నీకు కదలిక మిగులుస్తుంది అంతే.

సీల్ ఎక్కించేటప్పుడు పైపు కొసకు పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టి ఆయిల్ రాయి, లేకపోతే పదునైన అంచు సీల్ పెదవిని చీరేస్తుంది. సీల్ కొట్టడానికి దాని బయటి అంచుకు సరిపోయే పీవీసీ పైపు చాలు. సుత్తితో స్క్రూడ్రైవర్ పెట్టి ఒక పక్కనే కొట్టకు. కింది ఆలెన్ బోల్టుకు రాగి వాషర్ కొత్తది వెయ్యి.

ఆయిల్ 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ మాత్రమే. పుస్తకంలో చెప్పిన కొలత పోసి, పైపును పదిపదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించి బుడగలు పోయేదాకా ఆగు. తర్వాత స్ప్రింగు లేకుండా, ఫోర్క్ పూర్తిగా నొక్కి ఉంచి, పై అంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో రెండు వైపులా ఒకే లెక్కకు తీసుకురా. పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగే, ఆయిల్ మట్టం కాస్త పెంచితే చివర్లో టక్కున ఆనుకోవడం తగ్గుతుంది. కానీ ఒకేసారి 5 మి.మీ. మించి మార్చకు.

ఫోర్క్ తీసినప్పుడే స్టీరింగ్ కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, చూడు. హ్యాండిల్ తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగుతుంటే గోళీలు దొర్లే రేసులు పోయినట్టే, ఫోర్క్ ఎంత బాగుచేసినా బండి నిలకడగా పోదు.

బిగించేటప్పుడు యాక్సిలు, కింది పట్టు బోల్టు చివర్లో. చక్రం వేసి, బండిని స్టాండు నుంచి దింపి, ముందు బ్రేకు పట్టి నాలుగైదుసార్లు నొక్కి, ఆ తర్వాత బిగించు. అలా చేయకపోతే ఫోర్క్ రెండు కాళ్లూ ఒకదానికొకటి మెలిపడి కొత్త సీల్స్ పెట్టినా పట్టేస్తాయి. ఇంటి గేటు దాటకముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా నొక్కడం మరచిపోకు, ఇది మాత్రం మళ్లీ మళ్లీ చెప్తున్నాను.


డాలస్ తెలుగు:

దూరం నుంచి ఒక మాట. నా దగ్గర 2000 మోడల్ సుజుకి ఎస్‌వీ650 ఉంది, ఇక్కడ దానిదీ సరిగ్గా ఇదే కథ. 41 మి.మీ. పైపులు చూస్తే పెద్ద ఫోర్క్ అనిపిస్తుంది, లోపల మాత్రం అదే డ్యాంపర్ రాడ్. ఈ బండికి సుజుకి స్పోర్ట్స్ బండి జీఎస్‌ఎక్స్‌ఆర్ ముందు సెట్టు మొత్తం ఎత్తి వేసేవాళ్లు చాలామంది. నేనూ అదే ఆలోచనలో ఉండి చివరికి స్ప్రింగులు నా బరువుకు తగ్గట్టు 0.90 కేజీ/మి.మీ.వి (అంటే ఒక మి.మీ. నొక్కడానికి 0.90 కిలోల బరువు కావాలి) వేసుకున్నాను, తర్వాతి చలికాలంలో గ్యారేజీలో ఎమ్యులేటర్లు వేశాను.

ఎమ్యులేటర్ అంటే డ్యాంపర్ రాడ్ నెత్తి మీద, స్ప్రింగు కింద కూర్చునే చిన్న కవాటం. దానికి చిన్న స్ప్రింగు ఉంటుంది, దెబ్బ గట్టిగా తగిలినప్పుడు తెరుచుకుని ఆయిల్‌ను వదిలేస్తుంది. అంటే లేతు అన్న చెప్పిన నాలుగింతల అడ్డు సమస్యకు అసలు మందు అదే. అది పనిచేయాలంటే డ్యాంపర్ రాడ్ కింది బెజ్జాలను 8 మి.మీ.కు పెద్దవి చేసి ఆరింటిదాకా పెంచాలి, లేకపోతే పాత బెజ్జాలే అడ్డుపడుతూ ఉంటాయి. ఒకసారి తొలిచాక వెనక్కి రాదు కాబట్టి, పాత రాడ్లు ఒక జత దొరికితే వాటి మీద చేసుకోండి. ఎమ్యులేటర్ ఎత్తు ఎంతో స్పేసర్‌లో అంత తగ్గించాలి కూడా.

మదనపల్లె గారికి ఇప్పుడే అది అవసరం అనను. పల్సర్ పైపు సన్నం, లోపలి వ్యాసం కొలిచి సరిపోయేది వెతకాలి. ముందు ఆయిల్, స్ప్రింగు, శాగ్ సరిచేసి వెయ్యి కిలోమీటర్లు నడపండి. అప్పటికీ పదునైన దెబ్బలు చేతికి తెలుస్తుంటే అప్పుడు మాట్లాడుకుందాం.


మదనపల్లె150:

మూడు ఆదివారాలు పట్టింది, పని పూర్తయింది.

పాత ఆయిల్ తెల్ల గిన్నెలో పోస్తే నల్లగా, అడుగున బురదలా ఉంది. ఎడమవైపు అసలు సగమే మిగిలింది. ఆలెన్ బోల్టు అన్న చెప్పినట్టు స్ప్రింగు ఉండగానే కదిలిస్తే వెంటనే వదులైంది. రెండు పైపులూ కొత్తవి తీసుకున్నాను, కోన్ సెట్టు కూడా మార్చాను, మధ్యలో ఆగడం నా బండికీ ఉంది, అన్నాళ్లూ అది మామూలే అనుకున్నాను. పాత స్ప్రింగులు కొత్తవాటి పక్కన పెడితే 9 మి.మీ. పొట్టిగా ఉన్నాయి. కొత్త స్ప్రింగులు వేసి 12 మి.మీ. పీవీసీ ముక్క పెట్టాను. శాగ్ 37 వచ్చింది.

అన్నీ కలిపి 220 సెట్టుకు చెప్పిన ధరలో సగం కూడా కాలేదు. నిన్న ఇద్దరం కొండ మీదికి వెళ్లి దిగాం. బ్రేకు పట్టినప్పుడు ముక్కు దిగుతుంది కానీ ఒకచోట ఆగి నిలబడుతుంది, మలుపులోకి అదే ఎత్తులో వెళ్తుంది, టక్కున ఆనుకోవడం ఒక్కసారి కూడా జరగలేదు. సిమెంటు అతుకులు ఇంకా తెలుస్తున్నాయి, కానీ చేతులు తిమ్మిరెక్కలేదు. కింద దిగాక మా ఆవిడ వెనక షాకుల గురించి అడిగింది, ఇప్పుడు వెనకవైపే గట్టిగా ఉన్నట్టు తెలుస్తోందట. దాని మీద కొలతలు తీసి వచ్చే వారం పెడతాను.


ఆటోనగర్ లేతు:

మంచి పని చేశావు తమ్ముడూ. 500 కిలోమీటర్లు తిరిగాక కోన్ సెట్టు నట్టు ఒకసారి చూడు, కొత్త రేసులు సర్దుకుని కాస్త వదులవుతాయి. వెనకవాటికి స్ప్రింగు సర్దుబాటు ఇప్పుడు ఎన్నో గాడిలో ఉందో అది కూడా రాయి.